అవ్వ బీపీకి నాలుగు ఛార్జింగు సెల్లులు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడి బతికింది మనుషులు కాదు, పెన్ను సెల్లులు. (సెల్లంటే జేబులో మోగే ఫోను కాదు. అది అప్పటికి మా ఉదయగిరిలో నలుగురైదుగురి దగ్గరే ఉండేది. వాళ్లు కూడా సిగ్నలు కోసం మిద్దెలెక్కి ఒంటికాలి మీద తపస్సు చేసేవాళ్లు.) కొత్త సెల్లు ఇంట్లో అడుగు పెట్టిందంటే ఉద్యోగంలో చేరినట్టే. మొదటి పోస్టింగు అవ్వ రేడియోలో. రేడియో గొంతు బొంగురుపోయిందనగానే బదిలీ మీద టీవీ రిమోటుకు. రిమోటును అరచేత్తో నాలుగు దెబ్బలు కొడితే తప్ప చానలు మారడం లేదంటే గోడ గడియారానికి. సెకన్ల ముల్లును తొమ్మిది మీది నుంచి పైకి మొయ్యలేక గడియారం అక్కడక్కడే కొట్టుకుంటుంటే, సెల్లును దించి, పంటితో ఒక నొక్కు నొక్కి, మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టి, మళ్లీ రేడియోలో చేర్పించేవాళ్లం. అందులో ఒకటి నాకంటే రెండేళ్లు పెద్దదని నాకు ఇప్పటికీ అనుమానం.

అలాంటి ఇంట్లోకి బీపీ మిషను వచ్చింది. వచ్చింది అవ్వ కళ్ల కోసం. అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదురుగా నిలబడితే మనిషో, తలుపో చెప్పలేని స్థితి. ఆపరేషన్ చేస్తామని ఆత్మకూరులో నెలకోసారి జరిగే కంటి శిబిరం వాళ్లు రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ బీపీ ఆకాశంలో ఉందని వెనక్కి పంపారు. రెండోసారి అక్కడి నర్సమ్మ గట్టిగానే చెప్పింది: "మాత్రలు మానొద్దు. పది రోజులు పొద్దున్నే బీపీ చూసి నోటుబుక్కులో రాసి పట్టుకురండి. శుక్లాలు ఇంకా ముదరబెడితే కష్టం." మా నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. ఆ నెల చెక్కిన గరిటెలన్నీ ఒక్క దెబ్బకు అమ్మేసి మిషను కొనుక్కొచ్చి, నా చేతిలో పెట్టి, ఒకే ఒక్క మాట అన్నాడు. "చూసుకో." మా నాయన కొట్టడు, తిట్టడు. మాట్లాడడు, అంతే. ఆయన మాట్లాడకుండా ఉంటే దూలంలో చెదలు కూడా నమలడం ఆపేసేవి. అలాంటి మనిషి మూడక్షరాలు మాట్లాడాడంటే నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

నేనప్పుడు డిగ్రీ అయ్యి, ఆత్మకూరులో ఒక ఎలక్ట్రిక్ సామాన్ల షాపులో కొత్తగా చేరాను. రోజూ బస్సులో పోయి రావడం. మిషనుకు నాలుగు పెన్ను సెల్లులు కావాలి. మామూలువి పెడితే ఇంటి ఆచారం ప్రకారం వారానికే గోడ గడియారంలో తేలతాయి. కాబట్టి ఛార్జింగు సెల్లులే శరణ్యమని నిర్ణయించాను. మా షాపు యజమానిని ఊరంతా భాయ్ అనే పిలిచేవాళ్లు. ఆయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఏ హంగూ లేని తెల్ల సెల్లు, దాని మీద ఎంత ఛార్జి పడుతుందో చెప్పే చిన్న నంబరు. ఇంకొకటి బంగారు రంగు, దాని మీద గ్రహణం నాటి సూర్యుడి బొమ్మ, ఐదువేలని ఇంత లావున అంకె.

"భాయ్, ఐదువేలది ఇవ్వండి," అన్నాను.

"అరే, నంబరు ఎవుడైనా అచ్చేసుకుంటాడు. చేతిలో పట్టి చూడు. తెల్లది బరువుండాది. అది తేలిగ్గా లేదూ? లోపల సరుకుంటేనే గదరా బరువు?"

"తేలిగ్గా ఉంటే మంచిదే గదా భాయ్, కొత్త టెక్నాలజీ!"

భాయ్ నన్ను కాసేపు జాలిగా చూశాడు. "ఇంకో మాట ఇను. మామూలు సెల్లు ముసలాయన మాదిరి, నెమ్మది నెమ్మదిగా నీరసపడతాడు. ఛార్జింగుది అట్టా కాదు, నడిచి నడిచి దభీమని పడతాది. రోజూ వాడేదానికి ఇది పెట్టు. ఎప్పుడో ఒకసారి వాడే టార్చికి మామూలుది పెట్టు. రెండూ కలపమాక. మామూలు సెల్లు మాత్రం ఛార్జరులో పెట్టినావా, నేను నిన్ను ఎరగను." నేను తల అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఊపి, ఐదువేల నంబరువే కొన్నాను. (కుర్రతనం అంటే సమాచారం లేకపోవడం కాదు. సమాచారం చెవి దాకా వచ్చి, లోపల ఖాళీ లేదని తిరిగి వెళ్లిపోవడం.)

మిషను పని మొదలయ్యాక తెలిసింది, భయపడాల్సింది నేనొక్కణ్నే కాదని. పొద్దున పూట పట్టీ తీసుకుని దగ్గరికి వెళ్తే అవ్వ గోడకు అతుక్కుపోయేది. మిషను 'బుర్ర్' మని గాలి ఎక్కిస్తూ చేతిని పట్టుకోగానే కేక. "ఒరేయ్, పాము చుట్టుకున్నట్టుండాదిరా! ఇడిపించు! నా కళ్లు పోతే పోయినాయి, చెయ్యన్నా మిగల్చండి!" ఆ కేకలో మిషను చూపించే అంకె నూట ఎనభై. వరండాలో నాయన ఉలి చప్పుడు ఆగిపోయేది. ఉలి ఆగిందంటే నా గుండె ఆగినట్టే. ఆరు రోజులు రాశాను. ఆరు రోజులూ నూట డెబ్భైకి తగ్గలేదు. ఐదువేల నంబరు సెల్లులు మాత్రం రెండేసి రోజులకే దభీమని పడుతున్నాయి. నేను వాటిని నాలుగేసి గంటలు ఛార్జరులో పెట్టి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు పక్కన కాపలా కూర్చునేవాణ్ని.

ఏడో రోజు ఆదివారం. ముందురోజు మధ్యాహ్నం నేను షాపులో ఉండగా అవ్వ రేడియో మూగబోయిందట. అవ్వకు మా ఇంటి ఆచారం కొట్టినపిండి. బలమైన సెల్లులు ఎక్కడున్నాయి? మిషనులో. చేత్తో తడిమి మూత తీసింది, రెండు సెల్లులు రేడియోకు బదిలీ చేసింది. దొంగబుద్ధి లేని మనిషి కాబట్టి మిషనులో ఖాళీ ఉంచకూడదని మిద్దె మీద ఎండబెట్టిన మామూలు సెల్లులు రెండు తెచ్చి అక్కడ అమర్చింది. చూపు లేని వేళ్లకు ఏ సెల్లైనా ఒకటే. ఆదివారం పొద్దున్నే మిషను వెలగకపోతే, నేను నిద్రకళ్లతో నాలుగూ తీసి ఛార్జరులో గుచ్చి, కాఫీ కోసం కూర్చున్నాను. చూపున్న కళ్లకైనా బుద్ధి ఉండొద్దూ?

కాఫీ సగంలో ఉండగా మూల నుంచి 'స్స్స్స్...' అని శబ్దం.

"పాము!" అంది అవ్వ. చూపు పోయాక ఆమె చెవులు నాలుగింతలు పనిచేసేవి.

"యాడ?" అంటూ నాయన చెక్క సుత్తి పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను మంచం ఎక్కాను. (నెమ్మదిగా ఎక్కలేదు. ఎగిరి దూలం పట్టుకున్నాననే మా ఇంట్లో సాక్ష్యం.) నాయన బియ్యం మూటలు జరిపాడు, పెట్టెలు జరిపాడు. శబ్దం ఛార్జరు బల్ల వైపు నుంచే వస్తోంది. మంచం మీద ఎత్తులో ఉన్నాను కాబట్టి ముందు నాకే కనిపించింది. ఛార్జరులో రెండు సెల్లులు కింది భాగం నుంచి గోధుమరంగు పాకం కక్కుతున్నాయి. బంగారు రంగువి కావు, మా ఇంటి పెద్దలు! నాకు భయమేసింది. ఇల్లు కాలుతుందనో, పేలుతుందనో కాదు. నాయన చూస్తాడని.

"పోయినట్టుండాది నాయనా... తూములో నుంచి పోయింది, నేను చూసినాను," అని అబద్ధం చెప్పాను. లేని పామును ఉన్న తూములోంచి పంపించేసి, ఆయన వరండాలోకి వెళ్లగానే స్విచ్చి ఆపి, నాలుగు సెల్లులనూ గుడ్డతో తుడిచి, ఆధారాలు దాచే దొంగలా గబగబా మిషనులోనే పెట్టి మూత వేసేశాను. భయంలో మనిషి చేసే పనులన్నిట్లోకీ తెలివితక్కువది అదే. మర్నాడు తెల్లవారేసరికి కారిన పాకం మిషను స్ప్రింగులను తినేసింది. షాపు నుంచి కొత్త సెల్లులు తెచ్చి పెట్టినా వెలగలేదు. నాయన నెల కష్టం, నా చేతిలో, నల్లటి అద్దంతో నోరు మూసుకుని కూర్చుంది.

రెండు పొద్దులు ఖాళీగా పోయాయి, శుక్రవారం శిబిరం లోపు ఇంకా మూడు పొద్దులు రాయాలి. అవ్వను ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్దామంటే, ఇంట్లో మిషను పెట్టుకుని ఎందుకని నాయన అడుగుతాడు. అడగడు, చూస్తాడు. చూస్తే నేను చస్తాను. మంగళవారం పొద్దున నాయన వరండాలో ఉలి పట్టుకుని కూర్చున్నాడు. నేను అవ్వ చేతికి పట్టీ చుట్టాను. గాలి ఎక్కదు. నా రెండు చేతులతో పట్టీ మీది నుంచి మెల్లగా నొక్కడం మొదలుపెట్టాను. నోటితో 'బుర్ర్' అన్నాను. కాసేపాగి, చేతులు కొంచెం కొంచెం వదులుతూ 'బీప్' అన్నాను. నా గొంతు నాకే మేకపిల్ల గొంతులా వినిపించింది.

"ఏందిరా, ఇయ్యాల పాము మాదిరి పట్టుకోలేదే?" అంది అవ్వ.

"సెట్టింగు మార్చినాలే అవ్వా. మెత్తగా చూసే సెట్టింగు."

"ముందే మార్చొచ్చు గదరా సచ్చినోడా. భుజం దాకా నొక్కమను దాన్ని."

'నూటముప్పై బై ఎనభై' అని నోటుబుక్కులో రాస్తుంటే సున్నా వంకరపోయి కోడిగుడ్డులా వచ్చింది. బుధవారం అంతే. గురువారం అంతే. రాసిన ప్రతి అంకెతోనూ నాకు ఒకే పీడకల: ఆ అంకెను నమ్మి డాక్టరు కత్తి పెడతాడు, అవ్వకు బల్ల మీదే ఏదో అవుతుంది. నాయన భయం ఒకవైపు, ఈ భయం ఒకవైపు. మధ్యలో నేను. నిజంగా బీపీ చూడాల్సింది ఎవరికో ఆ మిషనుకే తెలియాలి, అది చచ్చిపోయింది.

శుక్రవారం ముగ్గురం ఆత్మకూరు శిబిరానికి వెళ్లాం. వరసలో కూర్చున్నంతసేపూ నోటుబుక్కు నా చెమటకు తడిసి నానిన అప్పడంలా మెత్తబడింది. నర్సమ్మ దాన్ని తీసుకుని చూసింది, మళ్లీ చూసింది.

"ఏందబ్బాయ్ ఇది? ఆరు రోజులు నూట డెబ్భై, నూట ఎనభై. తరవాత మూడు రోజులూ నూటముప్పై బై ఎనభై. ఒక్క పాయింటు అటూ ఇటూ లేదు. మనిషి బీపీనా, బస్సు నంబరా?"

పక్కనే నాయన. ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఇంకొక్క అబద్ధం నాలిక చివరకు వచ్చింది. అవ్వ వైపు చూశాను. కొత్త చీర కట్టుకుని, గోడ వైపు తిరిగి, గోడే డాక్టరనుకుని దణ్ణం పెడుతోంది. నా నాలిక తిరగలేదు.

"ఆ మూడూ నేనే రాసినా మేడమ్. మిషను చచ్చిపోయింది. సెల్లులు కారినాయి. నేనే నోటితో బీప్ అన్నా," అని ఒక్క గుక్కలో కక్కేసి కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే నర్సమ్మ నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నీ బుక్కు చూసి ఆపరేషన్ చేస్తారనుకుంటివా? మేం చూసేది చెయ్యిని," అని అవ్వ చేతికి పట్టీ చుట్టింది. అవ్వ కేక వెయ్యలేదు. నూట ముప్పై నాలుగు. నర్సమ్మకు నమ్మకం కుదరలేదు. పావుగంట ఆగి మళ్లీ చూసింది, రెండో చేతికి చూసింది. డాక్టరు వచ్చి ఆయనా చూశాడు. నూట ముప్పై ఆరు, నూట ముప్పై రెండు.

"మాత్రలు మునుపే పనిచేస్తా ఉండుంటాయి. ఇంతకాలం మిషనుకు బెదిరి బీపీ పైకి పోయింది," అన్నాడాయన. "ఇయ్యాల బెదరలేదేం పెద్దమ్మా?"

"మూణ్ణాళ్లుగా మనవడు చేత్తో పిసుకుతా వచ్చినాడు గదయ్యా. బెదురు పోయింది," అంది అవ్వ తాపీగా. "మిషనుకు అరిచేతులు చెమటలు పడతాయా? నాకు మొదటినాడే తెలుసు. చెప్తే మానేస్తాడని ఊరుకున్నా."

ఆ సాయంత్రమే వ్యానులో నెల్లూరు తీసుకెళ్లి, మర్నాడు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. ఆ మర్నాడు పొద్దున కట్టు విప్పేటప్పుడు మేమిద్దరం మంచం పక్కన నిలబడ్డాం. నాయన నాతో రెండు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ ఒక కన్ను చికిలించి, తెరిచి, ముందు నన్ను చూసి "వీడేంది, ఇంత పీక్కపోయినాడు" అంది. తరవాత నాయన వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. చెయ్యి చాచి ఆయన తల తడిమింది. "ఒరేయ్ పెద్దోడా, ఎప్పుడు నెరిసిందిరా నీ తల ఇంత?"

మా నాయన, దూలంలో చెదలను కూడా బెదిరించిన మనిషి, గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. అంతకుముందు ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాను. వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన విడిపించుకోలేదు.

ఇప్పుడు నాకు అప్పటి ఆయన వయసు. భయాలకేం కొదవలేదు. అన్నీ వైద్య పరీక్షల రిపోర్టుల రూపంలో, ఫోనుకు, పొద్దున్నే వస్తాయి. వాటిని చూస్తూ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ ఇరవై రెండేళ్ల వెర్రివాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. వాడికీ భయమేసేది, నాకంటే నూరింతలు. కాకపోతే వాడి భయానికి పట్టుకోవడానికి ఎదురుగా ఒక చెయ్యి ఉండేది.