స్పేస్ కీ మీద బొటనవేలు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ లిఫ్టాయన అనే పిలుస్తారు. ఇంట్లో ఏ వస్తువు మూలపడ్డా విప్పి చూడందే ఆయనకు ముద్ద దిగదు. అలాంటివాడు భార్య కీబోర్డు జోలికి మాత్రం ఏనాడూ పోలేదు. ఆవిడ పుస్తకాల ప్రెస్సుకి టైపు చేస్తుంది. ఆ టకటకలు వింటూ పక్కగదిలో కునుకు తీయడమే ఆయన అలవాటు.

పక్షవాతంతో ఆవిడ కుడిచెయ్యి పడిపోయాక ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోయింది. "మీ పని ఎక్కడికీ పోదమ్మా, నిదానంగా మొదలెట్టండి" అన్నాడు ప్రెస్సు యజమాని. అన్నాడు గానీ, ఎన్నాళ్ళని ఆపి ఉంచుతాడు?

లిఫ్టాయన వీడియోలు ఆపి ఆపి చూసి, ఎడమచేతికి సరిపడా చిన్న కీబోర్డు ఒకటి సొంతంగా కట్టాడు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో లోపలి చిప్పుకి చెప్పే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. తంటాలు పడి అది రాయడమూ నేర్చుకున్నాడు. ఉన్న కీలు కొన్నే, కావలసిన అక్షరాలు బోలెడు. అందుకని లేయర్లు పెట్టాడు.

"లేయరంటే ఏంటి బావా?" అంది అక్కకు సాయంగా వచ్చి ఉంటున్న మరదలు.

"లిఫ్టులో తలుపు ఒకటే కదా? అంతస్తు మారితే వేరే ఇంటి ముందు తెరుచుకుంటుంది. ఇదీ అంతే. స్పేస్ కీ తట్టి వదిలితే ఖాళీ పడుతుంది. నొక్కి పట్టుకుంటే పై అంతస్తు. అప్పుడు ఇవే కీలు కుడిచేతి అక్షరాలు వేస్తాయి."

"మధ్యలో ఇరుక్కుంటే అలారం మోగుతుందా?"

"నోర్ముయ్యవే" అంది అక్క, నవ్వాపుకుంటూ.

నోటికొచ్చిన పాటలతో ఆవిడ సాధన బాగానే సాగింది. వేళ్ళకి దారి తెలిసింది. తీరా ప్రెస్సు నుంచి అసలు రాతప్రతి తెచ్చి ముందు పెట్టుకునేసరికి కథ అడ్డం తిరిగింది. రెండు మాటలు కలిసిపోతున్నాయి, రెండో మాట మొదట్లో ఏదో పిచ్చి అక్షరం పడుతోంది. లిఫ్టాయన తను కూర్చుని కొట్టి చూశాడు. ఒక్క తప్పూ రాలేదు.

"మీకు బాగానే వస్తోందిగా" అంది ఆవిడ. ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుంది. "ఇది కూడా పోతోందేమోనండీ."

మరదలు అందుకుంది: "నువ్వెక్కి చూస్తే ఏ లిఫ్టు మొరాయించింది గనక బావా? ఎక్కాల్సినవాళ్ళు ఎక్కినప్పుడు కదా చూడాలి!"

ఆ మాట పట్టుకుని ఆవిణ్ణి బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టాడు. తను వెనక్కి తిరిగి కళ్ళు మూసుకున్నాడు, లిఫ్టు గూట్లో తాడు చప్పుడు వినేటప్పటిలాగే. టకటక, టక. స్పేస్ కిందికి దిగింది. పైకి లేచిన చప్పుడు రాలేదు. ఈసారి తిరిగి చూశాడు. ఆవిడ చూపు రాతప్రతి మీదికి పోయింది, తర్వాతి మాట చదువుతోంది, బొటనవేలు మాత్రం అక్కడే సేదతీరుతోంది. అది లేచేలోపే పక్కవేలు అక్షరం కొట్టేసింది. ఇన్నేళ్ళూ కునుకులో విన్న చప్పుడులోనూ ఆ చిన్న విరామం ఉండేదని ఆయనకు ఇప్పుడు తట్టింది.

"నీ చేతికేం కాలేదే! నువ్వు చదువుకుంటూ స్పేస్ మీద వేలుంచుతావు. ఈ మొద్దు చిప్పు అది పై అంతస్తుకి పిలుపనుకుంటోంది. నా వేలికి కొలతలు తీసి నీకు చొక్కా కుట్టాను."

అంతస్తు మార్చే పని పక్క కీకి అప్పగించి, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించాడు.

"అంత దూరమా? ఇటు జరపండి" అంది ఆవిడ.

జరిపాడు.

"మరీ అంత దగ్గరా?"

"అపార్టుమెంటు వాళ్ళయినా ఇన్ని వంకలు పెట్టరు."

"వాళ్ళకి మీరు ఇరవైనాలుగ్గంటలూ దొరకరుగా. సరే, ఇక అవతలికెళ్ళండి. నెత్తిన నిలబడితే నాకు చెయ్యాడదు."

పక్కగదిలోకి వెళ్ళాడే గానీ చెవులు ఇక్కడే ఉన్నాయి. చప్పుడు సాగింది, తడబడింది, ఆగింది. ఆయన లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"రాకండి, రాకండి!" ఆవిడ గొంతు హుషారుగా వినిపించింది. "ఇది నేను చేసిన తప్పే! ఒక వరస వదిలేసి చదివాను."

మళ్ళీ టకటకలు మొదలయ్యాయి.