నిలబెట్టి మోసిన బండలు

నా భార్య పోయింది. ఆ సంగతి తెలియని మిత్రులు ఆమె ఆరోగ్యం అడుగుతూ ఇంకా జాబులు రాస్తున్నారు. అందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేదు. అందుకే ఇది. మా అన్న కూడా చదువుతాడు. చదవనీ.

ఆమెది ఎర్రగుంట్ల దగ్గర బండల గనులున్న ఊరు. కాపురానికి వచ్చేనాటికి కర్నూల్లో మా ఇంటి ఆడవాళ్ళకు స్నానాల చోటు లేదు. తెల్లవారకముందే పెరట్లో చీర అడ్డం కట్టుకుని నీళ్ళు పోసుకునేవారు. ఆమె పుట్టింటినుంచి బండిమీద కడప బండలు తెప్పించింది. కింద ఒకటి, చుట్టూ మూడు, ముందు తడిక. అలాంటి స్నానాల చోటును మా వైపు బచ్చలి అంటారు. రోజూ పీచుతో రుద్ది నల్లగా మెరిపించేది. "సిగ్గుపడమని చెప్పేటోళ్ళు శానామంది. అడ్డం నిలబడేది బండొక్కటే" అనేది. మా వదిన కూడా ఎండెక్కాక తలంటుకోవడం మొదలుపెట్టింది. మంచిమాట మాత్రం ఒక్కటీ అనలేదు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్తలో అన్న ఇంటి ముందుభాగం ఒక ఆఫీసరుకు అద్దెకిచ్చాడు. ఆయన కోసం బచ్చలి ఉన్నచోటే సిమెంటు స్నానాలగది, పైన జల్లు కొళాయి కట్టించబూనాడు. బండలు పగలగొట్టి పునాదిలో వేయమన్నాడు. ఆడవాళ్ళకు మళ్ళీ చీకటి, చీర.

సమ్మెటలు వచ్చిన ఉదయం ఆమె బచ్చలిలోకి పోయి నిలబడింది. మా ఇంట్లో తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడదు. బండ వెనకనుంచి మాట్లాడింది.

అన్న నాతో అన్నాడు: "ఏమిరా, మా అమ్మ చీర కట్టుకొని పోసుకోలేదా? నీ పెండ్లానికే వచ్చినాదా పెద్ద సిగ్గు?"

"అత్త చీకట్లో లేసి పోసుకునింది బావా. ఎలుతురులో పోసుకునే రాత మగోళ్ళకే ఉండాదా?"

"బీయే సదివినావు. ఆడదాని నోరు మూయించలేవా?"

"లేను" అన్నాను.

చివరికి అన్న, "తీసుకోండి. ఒక్కటి పగిలినా అన్నీ పునాదిలోకే" అన్నాడు.

ఆమె సున్నపు అతుకులమీద తడి గోనెలు కప్పి, అవి మెత్తబడేదాకా నీళ్ళు పోసింది. కూలీలు బండను ఊడదీసి పండబెట్టబోతే అరిచింది.

"పండబెట్టొద్దప్పా! దాని బరువుకే అది పగుల్తాది. నిలబెట్టే మోయండి."

"ఏందమ్మా, పెండ్లికొడుకు మాదిరి నడిపించుకుంటా పోవల్లనా?"

"నడిపించప్పా. పెండ్లికొడుకుకన్నా పనికొస్తాది."

అన్నీ పగలకుండా పెరటిగోడ పక్కకు చేరాయి. అక్కడే ఆమె బచ్చలిని మళ్ళీ నిలబెట్టించింది. తరువాత రాజధాని పోయింది, ఆఫీసరూ పోయాడు. జల్లు కొళాయి గదికి అన్న తాళం వేసుకున్నాడు.

ఆమె పోయిన రోజు చివరి స్నానానికి అన్న వీధివాకిట్లో పీట వేయించాడు. బచ్చలిలో పోయమన్నాను.

"శవానికి పోసినచోట రేపు ఎవరు పోసుకుంటార్రా? పగలగొట్టాల్సిందే."

"పగలగొట్టుకో. ఆమెకు వీధిలో మాత్రం పోయనివ్వను."

లోపలే పోశారు.

మరునాడు అన్న సమ్మెటవాణ్ణి తీసుకొచ్చాడు. పెరట్లోకి వెళ్ళాం. తడిక మూసి ఉంది. బండమీద వదిన చీర వేలాడుతోంది. లోపల చెంబు చప్పుడు.

"ఎవరది?" అన్నాడు అన్న, ఎవరో తెలిసే.

సమ్మెటవాడు అటు తిరిగి నిలబడ్డాడు. ఎండ బాగా ఎక్కింది. బండల కిందినుంచి నీళ్ళు కాలువలోకి పారుతూనే ఉన్నాయి.