నాయన చెబితే రాసిన కాగితం

మొన్న మదనపల్లె బస్టాండులో నా పక్కన కూర్చున్న ముసలామె చేతికి విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన కలిసిన ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డాను.

పుంగనూరులో నా చిన్నతనమంటే మాగేసిన సీతాఫలాల వాసన, అమ్మ రోట్లో నూరే చెనిగ్గింజల పచ్చడి ఊరిబిండి, పొగలు కక్కే రాగిసంగటి, వసారాలో అచ్చనగాయలు ఆడుకునే నేను, గోడకు ఆనుకుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసుకునే నాయన. ఆయన ఒక పత్రికకు విలేకరి. గుండ్రటి అక్షరాలతో వార్త రాసి, కవరులో పెట్టి, మదనపల్లె బస్సు డ్రైవరు చేతికిచ్చి వచ్చాకే సంగటి ముద్దలో చెయ్యి పెట్టేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా చౌడేపల్లె దోవలోని ఒక రాళ్ళ క్వారీలో పేలుడుకు ఇద్దరు కూలీలు చనిపోయారు. యజమాని పేరుతో సహా నాయన రాశాడు. నాలుగో రోజు క్వారీ మనుషులు ఆయన బండి ఆపి, కుడిచేతిని బండరాయి మీద పెట్టించి ఇనుప కడ్డీతో కొట్టారు. మూడు వేళ్ళు విరిగాయి.

పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చిన రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోలీసులకు ఇవ్వాల్సిన ఫిర్యాదు చెప్పాడు. కొట్టినవాళ్ళ పేర్లతో నాలుగు పేజీలు రాశాను. ఒక్క తప్పూ లేదని ఆయన ఎడమచేత్తో నా తల నిమిరితే పొంగిపోయాను.

అది స్టేషనులో ఇచ్చిన రెండు రోజులకు క్వారీ మనుషులు ఇద్దరు ఇంటికొచ్చారు. అరవలేదు, తిట్టలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. లేస్తూ ఒకడు నావైపు చూసి, "పాప బడికి ఏ దోవన పోతాదప్పా? ఒక్కతే పోతాంటాదా?" అని నాయనను అడిగాడు.

అమ్మ నన్ను లోపలికి లాక్కుంది. వాళ్ళు వెళ్ళాక నాయన నన్ను పిలిచాడు.

"ఇంగో కాయితం తీసుకోమ్మా. బండి మింద నుంచి జారి పడినాను, నన్నెవురూ కొట్టలేదు అని రాయి."

"కొట్టినారని రాస్తిమి కదా నాయనా?"

"రాయమ్మా."

రాశాను. సంతకం చేసే చెయ్యి లేక, ఇరవయ్యేళ్ళుగా వార్తలు రాసిన మనిషి ఎడమ బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేశాడు.

వేళ్ళు అతుక్కున్నాయి. అన్నం కలుపుకోగలిగాడు. పెన్ను మాత్రం చనిపోయేదాకా ముట్టలేదు. కవరు కోసం బస్సు డ్రైవరు కొన్నాళ్ళు మా వీధి మలుపులో హారన్ కొట్టేవాడు. తర్వాత ఆయనా మానేశాడు.

కుప్పంలో చదువుతున్న నా కూతురు ఈ మధ్య విలేకరి కోర్సులో చేరతానంది. ఏదో దేశంలో విలేకరిని కాల్చేశారని, మన పక్క ఊళ్ళోనే ఒకణ్ణి కొట్టారని ఫోనులో చూస్తూనే ఉన్నదాన్ని. వద్దన్నాను.

"యాలమ్మా?" అంది.

తాత సంగతి చెబితే ఇంకా పట్టుబడుతుందని నా భయం. ఆడపిల్లలకు ఆ పని కుదరదని అబద్ధం చెప్పాను. నమ్మింది. మళ్ళీ అడగలేదు. మా ఇంట్లో రాసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.