మామగారి మంచె

మొన్న ఘట్‌కేసర్‌లో మా అమ్మాయి కొత్తగా కొనుక్కున్న ఫ్లాటుకి వెళ్తే, బాల్కనీలో చెక్కపలకల మీద ఆకుపచ్చటి ప్లాస్టిక్ పచ్చిక పరిచి ఉంది. అలవాటు పోక వంగి దాని అంచు ఎత్తబోయాను. "అది అతికిచ్చేసిన్రమ్మా, రాదు" అని నవ్వింది. డెక్ అంటారట దాన్ని. నేను గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగాను. దాని మీద ఎందుకు కాలు పెట్టలేదో అమ్మాయికి చెప్పలేదు గానీ, నా ఈడు వారికి చెప్పుకోవచ్చు.

హబ్సిగూడలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో సిమెంటు బాల్కనీ చూసి పెరిగినదాన్ని నేను. పెళ్లై నాచారం వచ్చేసరికి, అత్తవారి మేడగది ముందు గోడలోంచి బయటికి ఇనుప యాంగిళ్లు బిగించి, ఫ్యాక్టరీకి మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలు పరిచి మామగారు స్వయంగా కట్టిన అరుగులాంటిది ఉండేది. ఆయన ఫిట్టరు, జనగామ వైపు మనిషి, అందుకని చేనులో కావలికి కట్టుకునే మంచె పేరే దానికీ పెట్టారు. పేరుతో పాటు పద్ధతీ తెచ్చుకున్నారు. ఊళ్లో మంచెని ఏటేటా కొత్తగా కట్టినట్టు, రోహిణి ఎండల్లో ఒక ఆదివారం బోల్టులన్నీ విప్పి, ఒక్కో చెక్కా తిరగేసి, సుత్తి పిడితో కొట్టి చెవి పెట్టి విని, గుల్లబారినవి పారేసి, మిగతావాటికి వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసి, ఎండాక మళ్లీ బిగించేవారు.

ఆ వాసన, చీరకి అంటుకునే ఆ నల్లమరకలు నాకు ఒళ్లుమంట. పైగా పుట్టింటివాళ్ల ముందు మంచె అనడం నామోషీ. పెళ్లైన రెండో ఏడు పూల డిజైను ప్లాస్టిక్ షీటు పరిపించి, చుట్టూ మేకులు కొట్టించి, దాన్ని బాల్కనీ అనడం మొదలుపెట్టాను. ఆ వేసవిలో మామగారు సుత్తి పట్టుకుని వచ్చి, షీటు చూసి, చెక్కలు విప్పకుండానే కిందికి వెళ్లిపోయారు. కోడలు ముచ్చటపడి వేసుకున్నది పీకడానికి ఆయనకి చేతులు రాలేదట, ఆ మాట నాకు చెప్పింది అత్తగారే. నేను గెలిచాననుకున్నాను.

వానలకి నీళ్లు షీటు కిందికి చేరి ఆరనే లేదు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం, చినుకులు పడుతుంటే బట్టలు తీయబోయిన అత్తగారి కాలు చెక్క విరిగి తొడదాకా దిగిపోయింది. చేతికి యాంగిల్ దొరకబట్టి బతికారు, కింద బండలు. మోకాలిచిప్ప పగిలింది. దవాఖానాలో చుట్టాలంతా ఎట్లా జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మామగారు అందుకున్నారు. "తప్పు నాదే. బద్ధకమైంది, ఈ ఏడు మంచె ఇప్పలే." ఆయన బద్ధకించడం ఎవరూ ఎరగరు.

షీటు నేనే పీకేశాను. మరుసటేడు నుంచి చెక్కలు తిరగేసేటప్పుడు పక్కన కూర్చున్నాను, ఏ చెక్క గుల్లో చెవితో పట్టడం నేర్చుకున్నాను. అత్తగారు మాత్రం ఇరవై ఏళ్లు కుంటుతూనే, వచ్చిన వాళ్లందరితో "గీయన బద్ధకం నా కాలి మీదికొచ్చింది" అని దెప్పేవారు. ఆయన నవ్వేవారు.

ఇప్పుడు ఆ ఇంటి స్థలంలో అపార్ట్‌మెంటు ఉంది. ఎక్కడ చూసినా అన్నీ అతికించి చేతికిస్తున్నారు, విప్పి చూసే పని ఎవరికీ లేదు. నిజం తెలిసిన ఆ ఇద్దరూ నా మీద మాట పడకుండా ఇరవై ఏళ్లు అదే అబద్ధం ఆడారు. తప్పు నాదని ఒక్కసారైనా నేను అనాల్సింది. అనలేదు.