కొయ్యచేపకు జడ

"తోకకు కుచ్చులు కట్టుకొని, తోటకు పోదామా గోరింకా..." చిన్నప్పుడు నాట్లేస్తూ పాడుకునేవాళ్ళం. దానికి గోరింక ఏమని బదులిస్తుందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆ కాస్త గుర్తున్నందుకే మొన్న మా ఇంట్లో ఎంత పనైందో వినండి! రాయడం ఈమధ్యే వంటబట్టింది కదా, కాగితం మీదే చెప్పేస్తా.

మా ఆయన రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచీ పొద్దున లేస్తే బందరు కాలువ గట్టు మీదే. ఈమధ్య ఎరలు గుచ్చడం మానేసి, కొండపల్లి బొమ్మలాయన చేత ఒక కొయ్యచేప చేయించుకున్నారు. పసుపు ఒళ్ళు, ఎర్ర మూతి, పొట్ట కింద కొక్కేలు. ఎంత ముద్దొస్తుందో! మనకే, కొర్రమీనుకి కాదు. రోజూ వట్టి సంచీతోనే ఇంటికి.

"తోక ఆడించని చేపని ఏ చేప నమ్ముతుందండీ?" అన్నాను.

"అయితే నువ్వే ఏదన్నా తగిలించు. మేకు కొట్టకు, జిగురు పుయ్యకు. వద్దనుకుంటే ఊడొచ్చెయ్యాలి."

తోక దగ్గరి రింగుకి పిన్నీసుతో కోడీక పెట్టాం. తడిసి ముద్దయింది. రిబ్బను పెట్టాం. కాలువలో గుర్రపుడెక్కకి చుట్టుకుంది.

అంతలో మైలవరం నుంచి ఆయన అక్కగారు ఇక్కడ చుట్టాల పెళ్ళికని దిగారు. మా వదినగారి జడ నడుము దాటి ఉంటుంది. "మా అక్కకి ఇంకా ఒక్క వెంట్రుక నెరవలేదు" అని ఆయన నన్ను దెప్పని రోజు లేదు.

వదినగారు స్నానానికి వెళ్ళారు. నాకేమో గోరింక పాట నోట్లో ఆడింది. కుచ్చులు! రాలిన జుట్టు గూట్లో దాస్తుంటాను, సవరాలవాడికిస్తే పిన్నీసులిస్తాడు. చెయ్యి పెట్టి లాగితే బారెడు జుట్టు, నల్లగా నిగనిగలాడుతూ! నాకింకా ఇంత జుట్టుందా అని ఎంత మురిసిపోయానో! మడిచి తోకకి తగిలించా. ఆయన పట్టుకుపోయారు.

కాసేపటికి వదినగారు తలకి తువ్వాలు చుట్టుకొని, పాలిపోయిన మొహంతో వచ్చారు.

"మరదలా, గూట్లోది నువ్వేమన్నా తీశావా?"

"జుట్టా? అది నాదే కదండీ..."

"నాది! నా సవరం! మెల్లగా అను. తమ్ముడికి తెలిస్తే నేను తలెత్తుకోగలనా? చిన్నప్పట్నుంచీ నా జడ చూసి మురిసిపోయినవాడు! రాత్రి పెళ్ళికి పుట్టింటివాళ్ళంతా వస్తారు, పిలకేసుకుని వెళ్ళనా?"

చేప తోకకి తగిలించి కాలువకి పంపేశానని చెప్పబోయాను. ఇంతలో వీధిలోంచి కేక. "ఏమే! పడిందే!"

మూరెడు కొర్రమీను. దాని నోట్లో కొయ్యచేప. కొయ్యచేప వెనకాల, నీళ్ళు కారుతూ వదినగారి జడ! ఆవిడ తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ జుట్టులో ఏదో మహత్తుందే! ఎవరిది?"

"నాదేనండీ."

ఆయన జుట్టు వంక చూశారు. నా తల వంక చూశారు. "నీదా?"

నా తల ముగ్గుబుట్టని నాకప్పుడు గుర్తొచ్చింది!

"వయసులో రాలిందండీ. దాచుకున్నా."

"గూట్లో దాచేబదులు తల మీదే ఉంచుకోవాల్సింది కదే!" అంటూ చేపని దొడ్లోకి పట్టుకెళ్ళారు. నమ్మేశారు మహానుభావుడు!

పిన్నీసు విప్పగానే జుట్టు చక్కగా ఊడొచ్చింది. కుంకుడు రసంతో రుద్దీ రుద్దీ, సాంబ్రాణి పొగ పట్టి, మల్లెపూలు దట్టంగా చుట్టాను. పెళ్ళిలో ఆ జడని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఒక పిల్లి అయితే వదినగారి కుర్చీ వెనకే కూర్చుండిపోయింది.

మర్నాడు బస్టాండులో ఆయన సోడాకి అటు వెళ్ళగానే, వదినగారు బస్సు కిటికీలోంచి నా చేతిలో ఒక పొట్లం పెట్టారు. విప్పి చూస్తే సవరం! అయ్యో, మరి మీకో అన్నాను. బస్సు కదిలింది. ఆవిడ తల బయటపెట్టి అన్నారు:

"నాకింటి దగ్గర ఇంకోటుందిలే మరదలా! నువ్వో రోజు, ఆ చేపో రోజు పెట్టుకోండి!"