గేటు తీసే మనిషి

మా బిల్డింగ్‌లో తొమ్మిదేళ్ళు వాచ్‌మన్‌గా చేసిన మనిషి బురైమిలో ఒక సైట్ మీద ఎండకు కూలిపోయి చనిపోయాడని సోమవారం కబురు వచ్చింది. ఇక్కడ గల్ఫ్‌లో, మబేలాలోని మా మెట్ల మీద, అది విన్న నలుగురిలో ముగ్గురు ఒకటే అడిగారు: "ఆ తుపాకీ ఆయనేనా?" నాలుగో ఆవిడ, ఎంతమందిని చంపాడని అడిగింది. ఎలాంటి మనిషని ఒక్కరూ అడగలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కల టీచర్‌గా చేశాను. కూతురి దగ్గరికి వచ్చిన కొత్తలో ఆయన రిజిస్టరు పట్టుకుని మా తలుపు దగ్గర నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాయమని ఓనరు ఇచ్చాడట. అక్షరాలు రావు.

"పదిహేడేండ్లకే దొర నా చేతికి తుపాకి ఇచ్చిండు టీచరమ్మా. ఊర్లె ఇంకా నన్ను చూస్తే తలుపులేసుకుంటరు. గీడ ఎవ్వలికీ తెల్వది. ఈ చేతికి ఇంకో పని నేర్పుండ్రి."

ఎవరిని కాల్చావని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. రోజూ పావుగంట దిద్దించాను. కలం ఎంత గట్టిగా ఒత్తేవాడంటే కింది పేజీలో కూడా అక్షరం దిగేది. "అది కలమయ్యా, గునపం కాదు" అని కసిరితే నవ్వేవాడు. "మెల్లగ పట్టుకుంటే జారిపోతదేమోనని భయం." నేషనల్ డే టపాసులు మొదలైతే మోటారు గదిలోకి వెళ్ళి, అవి ఆగేదాకా బయటికి వచ్చేవాడు కాదు.

పోయిన వేసవిలో ఎదుటి సైట్ సూపర్‌వైజరు, మనవాడే, మా గేటుకు అడ్డంగా పికప్ పెట్టి, తీయమన్న నా మనవరాలిని తిట్టాడు. నేను బాల్కనీలోంచి అరిచాను: "మా వాచ్‌మన్ ఎవరనుకున్నావు? దొర దగ్గర తుపాకీ పట్టినవాడు!" పికప్ కదిలింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడే ఆ సైట్ కూలీలు ఆయన దగ్గరికి వచ్చారు.

"అన్నా, వాడు మా పాస్‌పోర్టులు ఇస్తలేడు. నువ్వచ్చి వాని ఎదురుంగ నిలబడు, చాలు."

"గట్ల నిలబడెటోడు ఎన్నడో సచ్చిండు తమ్మీ. నేను గేటు తీసెటోన్ని."

"దొర దగ్గర పులివి, గీడ పిల్లివా?"

ఆయన గేటు తీసి, వాళ్ళు వెళ్ళేదాకా పట్టుకున్నాడు. వాళ్ళ కష్టం నిజమే. అర్జీ రాసిపెట్టమంటే నేను రాసేదాన్ని. అర్జీ ఎవరికి కావాలి? అందరికీ తుపాకీయే కావాలి.

గేటు దగ్గర తుపాకీ మనిషిని పెట్టుకున్నాడని సూపర్‌వైజరు మా ఓనరుకు ఫిర్యాదు చేశాడు. ఓనరు, అరవై దగ్గరపడ్డ మనిషిని, బురైమిలో తాను కట్టిస్తున్న ఇంటికి బ్లాకులు మోయడానికి పంపాడు. వెళ్ళేముందు ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"ఆ తుపాకి మాట మీరు సుత అన్నరా టీచరమ్మా?"

"అన్నాను."

తల ఊపి దిగిపోయాడు.

ఆయన్ని మళ్ళీ ఆ పాత పేరులోకి నెట్టినవాళ్ళలో సూపర్‌వైజరున్నాడు, కూలీలున్నారు, ఓనరున్నాడు. లెక్క తప్పకుండా చెప్పాలంటే, మొదటి మనిషిని నేను.

కబురు విన్నాక కిందికి వెళ్ళి రిజిస్టరు తెరిచాను. కొత్త వాచ్‌మన్ అందులో ఏమీ రాయడు. పాతాయన రాసిన ఆఖరి పేజీని చింపి టీ గ్లాసు కింద వేసుకున్నాడు, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. కిందున్న తెల్లకాగితాన్ని వెలుగుకు వంచి చూశాను. ఇంకు లేదు. వెళ్ళేవాళ్ళ వరుసలో, లోతుగా దిగి, ఇంటిపేరుతో సహా ఆయన పేరుంది.