అమ్మ అని రాయనివ్వని మా అత్త

విమానం ఆగి, ఇంజన్లు ఆపాక నేను మొదట చేసే పని ఫోను తెరిచి "దిగాను" అని మా అత్తకి పంపడం. ఆమె దానికి జవాబు ఇవ్వదు. పంపకపోతే మాత్రం గంటలోపు ఫోను మోగుతుంది, "దిగినావేటే?" అని. బాగున్నావా, తిన్నావా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. దిగినావా, అంతే.

ఆ రోజు పొద్దున నేను ఆ మాట టైపు చేస్తూ ఉండగానే ఫోను మోగింది. ప్రయాణికులు ఇంకా దిగుతున్నారు. ఫోనులో బస్తర్‌లోని మా ఇనప గనుల ఊరు కిరందుల్ నుంచి మా పాస్టరమ్మ.

"అమ్మా, మీ అత్త తెల్లారగట్ల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. సంఘం వాళ్ళమంతా ఇక్కడే ఉన్నాం. నువ్వు వచ్చేదాకా ఉంచుతాం. కంగారు పడకుండా రా."

విశాఖలో దిగి, కొండలెక్కి, కోరాపుట్ దాటి, జగ్దల్‌పూర్ దాటి కిరందుల్ చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. దారి పొడుగునా ఇనప రాయి మోసే గూడ్సు బండ్లు ఎదురొస్తూనే ఉన్నాయి. మా అమ్మ సమాధి పక్కనే తవ్వారు. సంతలో ఆమెకి కూరలమ్మే గోండు ఆడవాళ్ళు గేటు బయటే నిలబడి చూశారు. లోపలికి రమ్మంటే తల ఊపి అక్కడే ఉండిపోయారు. తర్వాత మళ్ళీ డ్యూటీలో చేరాను. దిగిన ప్రతిసారీ ఫోను తీస్తాను. కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్ళీ జేబులో పెట్టుకుంటాను.

ఆమె మా నాన్నకి అక్క. నాన్న కిరందుల్ గూడ్సు లైను మీద రైలు నడిపేవాడు. నాకు నాలుగేళ్ళప్పుడు మలేరియా మెదడుకెక్కి అమ్మ పోయింది. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి అత్త ఒక రేకు పెట్టె, ఒక చేతి కుట్టుమిషను తీసుకుని వచ్చింది. నెల కార్యం దాకా ఉండి వెళ్దామనుకుందట. ఉండిపోయింది. అప్పటికి ఆమెకి పెళ్ళి కాలేదు. తర్వాత ఆ మాట ఎవరైనా ఎత్తితే, వాళ్ళకి జాకెట్టు కొలతలు తీసి పంపించేసేది.

క్వార్టరు వరండాలో మిషను వేసుకుని టౌన్‌షిప్‌లో సగం మంది పిల్లల యూనిఫారాలు ఆమే కుట్టింది. మిషను తిప్పుతూనే ఒకరితో తెలుగు, ఒకరితో హిందీ, గుమ్మం ముందు చింతపండు అమ్మేవాళ్ళతో గోండి మాట్లాడేది. ఏ భాషయినా ఆమె నోట్లో పార్వతీపురం యాసలోకే వచ్చేసేది.

నాకు జడ వేసేటప్పుడు పాపిడి ఎప్పుడూ కాస్త ఎడమకి తీసేది. మధ్యకి తియ్యమని ఏడిస్తే, "మీయమ్మ ఇలాగే తీసేది. నా సొంతం కాదు" అనేది. ఒకసారి బడి నుంచి వచ్చి, అందరి పిల్లల్లాగే గుమ్మంలోంచి "అమ్మా" అని అరిచాను. మిషను ఆగిపోయింది. నన్ను దగ్గరికి పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"మీయమ్మ గోరీలో ఉంది గానీ, ఎక్కడికీ పోలేదే. నాను అత్తని. అత్తా అని పిలు. ఎంత గట్టిగానైనా పిలు, వీధి చివరకి వినపడేలాగ పిలు."

అప్పటినుంచి వీధి చివరకి వినపడేలాగే పిలిచాను.

మా వైపు సమాధుల పండగకి ముందు గోరీలకి సున్నం వేస్తారు. కిరందుల్‌లో ఎంత తెల్లగా వేసినా ఏడాది తిరిగేసరికి ఇనప దుమ్ముకి ఎర్రగా అయిపోతుంది. అత్త ఏటా అమ్మ గోరీని బ్రష్షు పెట్టి రుద్ది, కడిగి, రెండు పూతలు వేసేది. ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు. వేస్తూ వేస్తూ అమ్మకి ఆ ఏడాది కబుర్లు చెప్పేది. నా మార్కులు చెప్పేది. నేను పైలట్ శిక్షణకి వెళ్ళిన ఏడు, "నీ గుంట గాల్లోకెక్కేస్తందట, సూసుకో మరి" అని చెప్పడం నేను విన్నాను. ఆ గుంటని నేనే.

నా శిక్షణ పూర్తయిన ఏడాదే నాన్న పోయాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అప్పుడే నాకు ఎడారి దేశంలో, సముద్రం పక్కన ఉన్న ఒక నగరంలో విమానాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. అలా పరాయి దేశంలో ఉండి పనిచేసే పైలట్లకి జీతంతో పాటు ఇంటి అలవెన్సు ఇచ్చేవారు, ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్ళు అద్దెకి తీసుకోవడానికి. నేను రెండు గదుల ఫ్లాటు తీసుకుని అత్తని తెచ్చుకున్నాను.

లిఫ్టంటే ఆమెకి భయం. నేను ఇంట్లో ఉంటే నా చెయ్యి పట్టుకుని ఎక్కేది, లేకపోతే మెట్లే. మెట్ల మీద కూర్చుని కాపలా బిహారీతో తన బస్తర్ హిందీలో కష్టసుఖాలు మాట్లాడేది. నా తోటి పైలట్లు భోజనానికి వచ్చేవారు. వాళ్ళలో ఒక కెన్యా కెప్టెన్‌ని ఆమె 'పెద్దబాబు' అనేది. చనిపోయిన అన్న కొడుకులిద్దర్నీ ఆయనే పెంచుతున్నాడు. ముగ్గురూ వచ్చి, ఆమె వండింది కంచం ఖాళీ అయ్యేదాకా తినేవారు.

రెండేళ్ళు అలా గడిచాక కంపెనీ నియమం మార్చింది. ఇకమీదట ఇంటి అలవెన్సు కుటుంబంతో ఉండేవాళ్ళకి మాత్రమే. కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు, కన్న తల్లిదండ్రులు. మిగిలినవాళ్ళంతా కంపెనీ టవర్‌లోకి మారాలి, ఒక్కో ఫ్లాటులో ఇద్దరేసి, బయటివాళ్ళు ఉండకూడదు. అత్త ఆ దేశంలో ఉండే అనుమతి కూడా కంపెనీ రాసిచ్చే కాగితం మీదే ఆధారపడి ఉంది.

మేం చప్పుడు చేయకుండా ఉండేవాళ్ళమేమో. కానీ కిరందుల్ నుంచి తెచ్చుకున్న ఎండు వెదురు కొమ్ములు ఒకరోజు అత్త నానబెట్టి వండింది. ఆ కూర తిన్నవాళ్ళకి దాని రుచి తెలుసు. తిననివాళ్ళకి దాని వాసన తెలుసు. ఆ అంతస్తంతా పట్టేసింది. ఎవరో ఫిర్యాదు చేశారు. ఇళ్ళు చూసే విభాగం నుంచి ఒకతను వచ్చి, కూర సంగతి వదిలేసి, "ఈమె ఎవరు?" అని అడిగాడు.

తర్వాతి వారం మమ్మల్ని ఆఫీసుకి పిలిచారు. అన్న కొడుకుల విషయం తేల్చడానికి కెన్యా కెప్టెన్‌ని కూడా పిలిచారు. అక్కడున్న అధికారి మన దేశం వాడే. చెడ్డవాడు కాదు. మా ఫైలు చూసి, కళ్ళజోడు తీసి, అత్త వైపు తిరిగి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "'మా' అని, తల్లి అని రాసేయండి అమ్మా. పెంచింది మీరే కదా. ఒక డిక్లరేషన్ మీద సంతకం పెట్టండి, నేను పాస్ చేసేస్తాను. ఎవరూ అడగరు."

నేను పెన్ను తీసి ఇచ్చాను. అత్త తీసుకోలేదు.

"ఇస్కీ మా హై, బాబూ," అంది. "కిరందుల్ మే సోయీ హై."

దీనికి అమ్మ ఉంది బాబూ, కిరందుల్‌లో పడుకుని ఉంది అని. ఏమందని కెన్యా కెప్టెన్ అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముందు కూడా అలాంటి కాగితమే ఉంది, పిల్లలిద్దర్నీ సొంత కొడుకులని ఒప్పుకుంటూ రాసింది. సంతకం పెట్టడానికి సిద్ధపడే వచ్చాడని నాకు తెలుసు. దాన్ని నెమ్మదిగా అధికారి వైపు జరిపాడు.

"వీళ్ళకీ నాన్న ఉన్నాడు," అన్నాడు.

ఇంటికి వచ్చాక నేను గొడవపడ్డాను. "ఒక్క మాట రాస్తే ఏం పోయేది అత్తా? ఒక్క మాట!"

ఆమె చీర మడత పెడుతోంది. తలెత్తలేదు. "నీకు ఒక్క మాటే. మీయమ్మకి ఈ లోకంలో మిగిలిందే ఆ ఒక్క మాట. నువ్వు తప్ప ఆవిణ్ణి అమ్మా అనేవోళ్ళు ఎవులున్నారే? అది కూడా నానే లాగేసుకుంటే ఆవిడకి ఏటుంటాది?"

మడత పెట్టిన చీర పక్కన పెట్టి మళ్ళీ అంది. "మా తమ్ముడి పాసులో 'అక్క' అని రాసి నన్ను రైలెక్కించినారు. మీ ఇమానపోళ్ళ కన్నా రైలోళ్ళే నయం."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ నెలాఖరుకి ఆమె వెళ్ళిపోయింది. మేమున్న క్వార్టరు ఎదురుగానే, కిరందుల్‌లో పాస్టరమ్మ వాళ్ళ ఇంటి వెనక రెండు గదులు తీసుకుని మళ్ళీ మిషను వేసుకుంది. నేను టవర్‌లోకి మారాను. కెన్యా కెప్టెన్ పిల్లల్ని తీసుకుని సొంత డబ్బుతో ఊరి చివర చిన్న ఇల్లు తీసుకున్నాడు.

ఆ తర్వాత నియమం మార్చమని మా పైలట్లమంతా కలిసి చేసిన పోరాటంలో పెద్ద మాటలు ఏమీ లేవు. సర్దుకుపోదాం, ఏదో ఒకటి రాసేద్దాం అనుకున్నవాళ్ళు కూడా అత్త మాట విన్నాక ఆగారు. ఒకతన్ని తాత పెంచాడు. ఒకామె విడాకులు తీసుకున్న చెల్లెలితో ఉంటోంది. తప్పు బంధం రాసి ఇల్లు తెచ్చుకోవడం కాదు, ఉన్న బంధాన్ని ఉన్నట్టు ఒప్పుకోమని అడుగుదాం అన్నాడు కెప్టెన్. మీటింగులు, వాయిదాలు, కొత్త అధికారులు, మళ్ళీ మొదటి నుంచి. కొందరు విసిగి వేరే కంపెనీలకి వెళ్ళిపోయారు. ఫోనులో అత్తకి చెబితే, "ఒగ్గేయకండి. అలాగని పని పాడుసేసుకోకండి" అనేది.

చివరికి నియమం మారింది. ఇంట్లో కలిసి పెరిగిన, లేదా పెంచిన ఒక పెద్ద మనిషి. పోయిన తోబుట్టువుల పిల్లలు. వీళ్ళూ కుటుంబమే అన్నారు. నేను ఫోను చేసి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"నన్ను ఏటని రాసినారు?"

"ఫాదర్స్ సిస్టర్ అని. నాన్నకి అక్క అని."

"మళ్ళీ సెప్పు."

"ఫాదర్స్ సిస్టర్."

అవతల పెదవులతో ఆ మాట పలుకుతున్న చప్పుడు వినపడింది.

ఆ చలికాలం వచ్చింది. కొత్త ఇంటి గేటు దగ్గర కారు దిగి, కాపలావాడు నోరు తెరవకముందే, కొంగు సర్దుకుని అతనికి చెప్పింది, "ఫాదర్స్ సిస్టర్!" అతను నవ్వి సెల్యూట్ చేశాడు. ఆమె కూడా సెల్యూట్ చేసింది. కెప్టెన్ పిల్లలిద్దరూ అప్పటికి ఆమె కంటే పొడుగయ్యారు. వచ్చి "అత్తా!" అని పిలిచారు, అచ్చం నాలాగే, వీధి చివరకి వినపడేలాగ. ఆ కొద్ది నెలలూ ఇంటికి తిరిగి రావడమంటే ఏమిటో నాకు మళ్ళీ తెలిసింది. తాళం తీయక్కర్లేకుండా తలుపు తెరుచుకునేది.

ఎండలు ముదరకముందే వెళ్ళిపోతానంది. ఉండమన్నాను. "నా సోటు రాయించుకున్నాను కదే. ఇంక అది ఎక్కడికీ పోదు. అక్కడ మీయమ్మ ఒక్కర్తీ ఉంది," అంది. మరోసారి రావాలని ఇద్దరం అనుకున్నాం. ఆమె గుండె బలహీనపడింది. ముందు డాక్టరు వద్దన్నాడు, తర్వాత ఆమే వద్దంది.

ఆమె ఉండగా ఆఖరిసారి నేను కిరందుల్ వెళ్ళింది ఈ వానాకాలంలోనే. సంత రోజు. చినుకులు పడుతూ ఆగుతూ ఉన్నాయి. అడవి పుట్టగొడుగులు వచ్చాయని విని, ఆయాసపడుతూనే బయల్దేరింది. గోండు ఆడవాళ్ళు ఆకుల మీద కుప్పలు పోసుకుని కూర్చున్నారు. జనం, జీపులు, ఎర్ర బురద. ఆమె బుట్ట పట్టుకుని ముందు నడుస్తోంది. నేను ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడ్డాను. జనం మా ఇద్దరి మధ్యకి వచ్చేశారు. ఆమె ఆగలేదు, వెనక్కి తిరగలేదు. బేరం ఆడుతూ, ఎవరినో పలకరిస్తూ, నడుస్తూనే ఒక చెయ్యి వెనక్కి చాచింది. వేళ్ళు తెరిచి, గాలిలో, నడుము ఎత్తున, చిన్నపిల్ల అందుకునేంత కిందకి. జనాన్ని తోసుకుని వెళ్ళి, వంగి, ఆ చెయ్యి పట్టుకున్నాను.